బడి విడవాలనుకుంటున్న అమ్మాయికి

అమరావతి



నీ ఉత్తరం అందింది. నింపాదిగా చదివి, మీ పెద్దమ్మకి కూడా వినిపించాను. "పంతులమ్మ పని మానేసి ఇంకేదైనా చేసుకుంటే తప్పా పెదనాన్నా?" అని అడిగావు. తప్పు కాదమ్మా. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఆ బెరుకుతో నువ్వు మిగతా ఉత్తరం చదవకూడదని.

నీ కష్టం నాకు తెలియంది కాదు. ఎండాకాలంలో పిల్లల్ని చేర్పించమని ఊరూరూ, ఇల్లిల్లూ తిప్పుతున్నారనీ, చెప్పినంతమందిని తీసుకురాకపోతే జీతం ఆపుతున్నారనీ రాశావు. సెలవుల్లో అసలు జీతమే ఉండదన్నావు. నరసరావుపేటలో, సత్తెనపల్లిలో, మాచర్లలో ప్రైవేటు బళ్ళలో చెప్పేవాళ్ళెవర్ని కదిలించినా ఈ గోడే వినిపిస్తుంది. 2020లో బళ్ళు మూతపడినప్పుడు ఎమ్మెస్సీలు, బీఎడ్‌లు చేసినవాళ్ళు కూరగాయలమ్ముకున్నారు, ఉపాధి పనులకు వెళ్ళారు. మరుసటి ఏడు ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఇచ్చినందుకు సంతోషమే. కానీ పాఠం చెప్పే మనిషి బియ్యం కోసం ఎదురుచూడాల్సి వచ్చిందంటే ఆ వృత్తిని మనం ఎక్కడ నిలబెట్టామో చూడు. అలాంటి చోట ఉన్న ఆడపిల్ల ఇంకో దారి వెతుక్కుంటే ఆమెను నిందించే హక్కు ఎవరికీ లేదు. ఇక సర్కారు టీచరు ఉద్యోగాలకు పెట్టే డీఎస్సీ పరీక్ష సంగతి. 2025లో మన రాష్ట్రంలో 16,347 పోస్టులకు మూడు లక్షలకు పైగా అభ్యర్థులు పోటీపడ్డారు. అందులో కొద్ది మార్కుల్లో తప్పిపోయినంత మాత్రాన నీకు పాఠం చెప్పడం రాదని కాదు.

అయితే వెళ్ళే ముందు నీ చేతిలో ఏముందో చూసుకో. సర్టిఫికెట్ల మాట కాదు నేను చెప్పేది. ఆరో తరగతి పిల్లలకు నువ్వు అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పావు. గ్లోబు మీద గీతలు చూసి, భూమ్మీద కూడా నిజంగానే గీతలు గీసి ఉంటాయనుకునే పిల్ల ప్రతి తరగతిలో ఒకతె ఉంటుంది. ఆ పిల్ల చెయ్యెత్తి అడగదు. కళ్ళు చూసి నువ్వే కనిపెడతావు. పిల్లకు ఎక్కడ అడ్డం పడిందో పసిగట్టడం, ఆ అడ్డు తీసేలా మాట మార్చి చెప్పడం, ఇదే నీ విద్య. పాఠ్యపుస్తకానికి పేజీలు కూర్చేవాడికి ఇది తెలియదు. ఫోన్‌లో పాఠాల యాప్ తయారుచేసే కుర్రాడికి తెలియదు. శిక్షణ తరగతుల్లో తెర మీద రాసి ఉన్నదాన్నే చదివి వినిపించి వెళ్ళిపోయే అధికారికీ తెలియదు. బడి బయట నీకు గిరాకీ అంటూ ఉంటే ఈ ఒక్క విద్యకే. అది వాడని కొలువు ఏదైనా సరే, జీతం ఎంతైనా సరే, అందులో నువ్వు మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడే కొత్తదానివి.

మన జిల్లా మనిషి ఒకరి సంగతి చెబుతాను. గుర్రం జాషువాగారు 1895లో వినుకొండలో పుట్టారు. ఆయన్ని మహాకవిగానే తలుచుకుంటాం, బతుకుతెరువుకు ఎన్ని కొలువులు చేశారో ఎవరూ చెప్పరు. కుర్రతనంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ, సంభాషణలు చదివి వినిపించే పని చేశారు. తెర మీద బొమ్మ ఆడుతుంటే, హాల్లో కూర్చున్న అక్షరం రానివాడికి కూడా కథ తెలిసేలా గొంతుతో చెప్పే పని అది. తర్వాత గుంటూరులో లూథరన్ చర్చివాళ్ళ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు ఉపాధ్యాయుడు. 1928 నుంచి 1942 దాకా అదే ఊళ్ళో ప్రభుత్వ కళాశాలలో తెలుగు పండితుడు. 'గబ్బిలం' 1941లో వచ్చిందంటే, పగలు పిల్లలకు పాఠాలు చెబుతున్న మనిషి రాసిన కావ్యమన్నమాట. రెండో ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధ ప్రచారకుడిగా పనిచేశారు. 1957 నుంచి 59 దాకా మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాత. 1964లో శాసనమండలి సభ్యుడు. యుద్ధ ప్రచారకుడి ఉద్యోగం నాకంత రుచించదు, కానీ ఇల్లు గడవాల్సిన మనిషి చేసిన పనిని ఇంత దూరాన కూర్చుని తూచడం నాకిష్టం లేదు.

ఇన్ని కొలువులు మారినా ఆయన సాధన చేసింది ఒక్కటే, ఎదుటి మనిషి చెవికెక్కేలా మాటను మలచడం. సినిమా హాలులో అబ్బిన నేర్పు తరగతిలో అక్కరకొచ్చి ఉంటుంది, తరగతిలో పదునెక్కినది రేడియోలో అక్కరకొచ్చి ఉంటుంది. అంటరానివాడని అవమానించిన ఊళ్ళలోనే ఆయన పద్యం చదివి నిలబడ్డారు. నీకు ఆయనంత కష్టం లేదమ్మా, ఆయనంత ప్రతిభ ఉండాలనీ నేననను. కొలువు మారితే వృత్తిద్రోహం చేసినట్టేనేమో అని నువ్వు కుమిలిపోతున్నావు గనక, వినుకొండ నుంచి మద్రాసు దాకా ఆయన నడిచిన దారిని ఒకసారి చూడమంటున్నాను.

ఇక నీకు తగిన దారులేమిటో, ఎక్కడ జాగ్రత్త పడాలో నాకు తెలిసినంత చెబుతాను.

నువ్వు రాసినవాటిలో మొదటిది ఎం.ఎడ్. చేసి బీఎడ్ కళాశాలలో చేరడం. మంచి ఆలోచనే. పీజీలోనూ ఎం.ఎడ్‌లోనూ 55 శాతం మార్కులు అడుగుతారు, నీకు పీజీలో అవి ఉన్నాయి. రేపటి టీచర్లను తయారుచేసే పని కన్నా గొప్ప పని ఏముంటుంది? యడ్లపాడు మండలం బోయపాలెంలో మన జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ, డైట్, ఉంది, అక్కడ చదువుకుని వచ్చిన వాళ్ళు ఈ చుట్టుపక్కల ఎన్నో బళ్ళలో చెబుతున్నారు. కానీ ప్రైవేటు బీఎడ్ కళాశాలలన్నీ ఒక్కలాంటివి కావు. 2012లో జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ ఈ కళాశాలల తీరును ఎండగట్టింది. దేశంలో పదివేలకు పైగా ఉన్న విడి ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో ఎక్కువ భాగం శిక్షణ ఇచ్చే ప్రయత్నం కూడా సరిగ్గా చెయ్యడం లేదని ఆ కమిషన్ చెప్పిన మాటను 2020 జాతీయ విద్యావిధానం మళ్ళీ ఎత్తి రాసింది. అలాంటి చోట నిన్ను రోజూ రమ్మనరు. "సర్టిఫికెట్లు ఇవ్వండి మేడమ్, తనిఖీకి వచ్చినప్పుడు ఒక్కరోజు కనపడండి, ఏడాదికింత ఇస్తాం" అంటారు. ఇంట్లో కూర్చుంటే వచ్చే డబ్బు గదా అని ఒప్పుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. నువ్వు ఒప్పుకోకు. నీ పేరు గోడ మీద ఉండి నువ్వు లేని తరగతిలో నుంచి బయటికొచ్చిన టీచరే రేపు ఏదో ఊళ్ళో పిల్లల ముందు నిలబడతాడు. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు తల్లీ.

రెండోది హైదరాబాదులో ఆన్‌లైన్ పాఠాల కంపెనీ. బైజూస్ సంగతి నీకు తెలుసు. కేరళలోని అళీక్కోడ్‌లో పుట్టిన ఒక లెక్కల మాస్టారు పెట్టిన కంపెనీ అది. 2022లో దాని విలువ 2,200 కోట్ల డాలర్లన్నారు. 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఆ మధ్యకాలంలో వేలమంది ఉద్యోగాలు పోయాయి. మొదట్లో ఆ మాస్టారి పాఠాలు బాగున్నాయనే అందరూ అన్నారు, పాఠం మంచిదైనంత కాలం పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. తర్వాత పాఠం వెనక్కిపోయి అమ్మకం ముందుకొచ్చింది. తల్లిదండ్రులకు ఫోన్లు చేసి, మీ పిల్లాడు వెనకబడిపోతాడని భయపెట్టి, అప్పు ఇప్పించి మరీ కోర్సులు అమ్ముతున్నారని ఫిర్యాదులొచ్చాయి. అన్ని కంపెనీలూ అంతేనని నేననడం లేదు. పాఠాలు రాసే విభాగంలో, ప్రశ్నలు తయారుచేసే విభాగంలో పని దొరికితే నిక్షేపంగా చేరు. కానీ చేరే ముందు ఒక మాట అడుగు: "నెలకు ఇంతమందిని చేర్పించాలని నాకేమైనా లక్ష్యం పెడతారా?" అని. పెడతామంటే లేచి వచ్చేయ్. ఆ లక్ష్యం భరించలేకే కదా ఇప్పుడు బడి విడుస్తానంటున్నావు! ఎండలో ఇచ్చే లక్ష్యాన్నే అక్కడ చల్లటి గదిలో ఇస్తారు.

కెమెరా ముందు పాఠం చెప్పడం తప్పేమీ కాదు. 2020లో బళ్ళు మూసేసినప్పుడు మన టీచర్లు దూరదర్శన్ సప్తగిరిలో 'విద్యామృతం' పేరుతో పదో తరగతి పాఠాలు చెప్పారు. ఎదురుగా పిల్లలు లేకుండా, ఎవరికి అర్థమైందో ఎవరికి కాలేదో తెలియకుండా చెప్పడం ఎంత కష్టమో వాళ్ళని అడిగితే చెబుతారు. తరగతిలో కొన్నాళ్ళు నలిగినవాళ్ళకే అది చేతనవుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి వేరే ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ బడి పేరు విన్నావు కదా. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బళ్ళు నడుపుతూ ఒక చిక్కు ఎదుర్కొన్నారు. ఒకే గది, ఒకే టీచరు, నాలుగైదు తరగతుల పిల్లలు. ఒకళ్ళకి చెబుతుంటే మిగతావాళ్ళు ఊరికే కూర్చుంటారు. వాళ్ళు పాఠ్యపుస్తకాన్ని విడదీసి చిన్న చిన్న కార్డులు చేశారు. ఒక్కో కార్డులో ఒక్క సంగతి, దానికో ఆట, ఓ అభ్యాసం, ఓ పరీక్ష. గోడ మీద నిచ్చెన బొమ్మ. తాను ఏ మెట్టు మీద ఉన్నదో పిల్లే చూసుకుని తన కార్డు తనే తెచ్చుకుంటుంది. ఒక వారం పత్తి తీతకు వెళ్ళి బడి మానేసిన పిల్ల కూడా తిరిగొచ్చి, ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది, వెనకబడిపోయానన్న సిగ్గు ఉండదు. ఆ పద్ధతి కర్ణాటకకు 'నలి-కలి' అయి వెళ్ళింది, తమిళనాడు ప్రభుత్వ బళ్ళకు వెళ్ళింది, దేశాలు దాటింది. అప్పటి చిత్తూరు జిల్లా పల్లెబడిలో తగిలిన ఒక చిక్కులోంచి ఇంత పుట్టింది. పాఠ్యసామగ్రి తయారీ అనే ఈ పని ఒక వృత్తి అమ్మా. ఎస్‌సీఈఆర్‌టీ తెచ్చే బడి పుస్తకాలకు టీచర్లే రచయితలు. మన రాష్ట్రంలో 2020 నుంచి ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండేలా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. వాటిలో ఏ వాక్యం పిల్లకు అర్థమవుతోందో, ఏది డిక్షనరీ తెలుగో నువ్వు చదివితే ఇట్టే చెప్పగలవు. 'మంచి పుస్తకం' వాళ్ళు, ప్రథమ్ బుక్స్ వాళ్ళు పిల్లల పుస్తకాలు తెలుగులో తెస్తున్నారు. అనువాదం చేసేవాళ్ళు, సరిచూసేవాళ్ళు వాళ్ళకు ఎప్పుడూ కావాలి. వీటిలో డబ్బు మొదట్లో తక్కువే. అది దాచి నిన్ను ఊరించను.

ఒక పాఠం ఎంత దూరం వెళ్తుందో నెల్లూరు ఆడవాళ్ళని చూస్తే తెలుస్తుంది. 1991లో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. ఎందరో టీచర్లు పగలు బడిలో చెప్పి, రాత్రి లాంతరు వెలుగులో పెద్దవాళ్ళకు అక్షరాలు దిద్దించారు. వాచకంలో సీతమ్మ అనే పల్లెటూరి ఆడమనిషి కథ ఉంది, తాగుడు ఇంటిని ఎలా కూల్చిందో చెప్పే కథ. అది చదువుకున్న దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారా దుకాణం మూయించారు. అక్కణ్ణుంచి జిల్లా అంతా, ఆపై రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారాను నిషేధించారు, 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ నిషేధం తర్వాత ఏమైందన్నది వేరే కథ. ఆ పాఠం పిల్లల తరగతి కోసం రాసింది కాదు, అయినా అంతకన్నా గొప్ప పాఠం ఈ రాష్ట్రంలో ఇంకొకటి నాకు తోచదు.

ప్రత్యేక అవసరాల పిల్లలకు చెప్పే విద్య గురించి కూడా ఆలోచించు. అలాంటి పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, సికింద్రాబాదులో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. భారత పునరావాస మండలి గుర్తింపు ఉన్న కోర్సే చెయ్యాలి. దానికి ఓర్పు కావాలి, అది నీకుంది.

ఒకవేళ రేపు డీఎస్సీ వచ్చి సర్కారు బడిలో చేరితే, అప్పుడు కూడా బడి బయట పనులు పిలుస్తాయి. డిప్యుటేషన్ మీద జిల్లా ఆఫీసుకో, శిక్షణకో రమ్మంటారు. పిలుపు వచ్చినప్పుడు నీ బడిలో ఎంతమంది టీచర్లున్నారో చూసుకో. ఏకోపాధ్యాయ బడిలో నుంచి నువ్వు వెళ్ళిపోతే ఆ ఊరి పిల్లలకు బడి లేనట్టే. పాఠాలు తప్పించుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్ళని నువ్వూ చూస్తుంటావు. వాళ్ళ దారి మనకొద్దు. 2009 విద్యాహక్కు చట్టం టీచర్లను జనగణన, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప చదువుతో సంబంధం లేని పనులకు పంపకూడదని చెప్పింది. పిల్లల దగ్గర టీచరు ఉండటమే ముఖ్యమని చట్టమే అంటుంటే, ఆ కుర్చీని మనంతట మనం ఖాళీ చెయ్యకూడదు.

చివరగా నీ సబ్జెక్టు గురించి. నువ్వు సోషల్ టీచరువి, చరిత్రలో ఎం.ఏ. చేశావు. నీ ఉత్తరంలో ఎక్కడా ఆ మాటే లేదు, నాకు ఆశ్చర్యమేసింది. నేను ఉంటున్న ఈ ఊరికి బళ్ళ నుంచి బస్సులకు బస్సులు పిల్లలు వస్తారు. అమరేశ్వరుడి గుడి, నూట పాతిక అడుగుల ధ్యానబుద్ధుడు, ఫొటోలు, ఆపైన కృష్ణ ఒడ్డు. మ్యూజియంలో పరుగున నడిచి బయటికొచ్చేస్తారు. రాళ్ళను చూశామంటారు, ఏం చూశారో వాళ్ళకి తెలియదు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ వచ్చేనాటికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కట్టిస్తున్న కొత్త ఊరికి ఇక్కడి బౌద్ధ మహాచైత్యం ఇటుకలూ పలకలూ పోతున్నాయి. మిగిలినవాటిలో చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియానికీ, లండన్ బ్రిటిష్ మ్యూజియానికీ చేరాయి. మన శిల్పం మన ఊళ్ళో ఎందుకు తక్కువగా ఉందో ఆ పిల్లలకు ఎవరు చెబుతారు? చెన్నైలో ఉన్న ఒక గుండ్రటి పలకలో నాళాగిరి అనే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒక పక్క జనాన్ని తొక్కుతూ, ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లి. అవి రెండు ఏనుగులు కావు, ఒకే ఏనుగు, ముందూ తర్వాతా అని చెప్పగానే పిల్లల కళ్ళు ఎలా మెరుస్తాయో నీకు నేను చెప్పక్కర్లేదు. 1954 నుంచి ఆరేళ్ళు తవ్వి, సాగర్ నీళ్ళు రాకముందే కాపాడుకున్న నాగార్జునకొండ, మాచర్ల దాటాక అనుపు, కారెంపూడి వీరుల గుడి, కొండవీడు కోట, ఇవన్నీ మన చుట్టుపక్కలే ఉన్నాయి. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడింది. దాని చరిత్రను పన్నెండేళ్ళ పిల్ల కూర్చుని చదువుకునేలా చెప్పే పుస్తకం నాకింకా దొరకలేదు. మ్యూజియం విద్య, చారిత్రక యాత్రలు, స్థానిక చరిత్ర రాయడం, ఇవన్నీ ఇతర రాష్ట్రాల్లో జనం జీవనోపాధిగా చేస్తున్న పనులు. మన దగ్గర ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. నువ్వు మొదలుపెడితే నేను ఆనందిస్తాను, ఇది పెదనాన్న స్వార్థమే అనుకో.

ఇప్పుడే ఉద్యోగం మానొద్దు. రాత్రి ఒక గంట చేసుకుని, ఆరో తరగతి పిల్లల కోసం అమరావతి మీద నాలుగు పేజీలు రాయి. రాసింది మీ తరగతిలోనే చదివించు. వాళ్ళు ఎక్కడ ఆగారో అక్కడ దిద్దు. ఏ కంపెనీకి, ఏ ప్రచురణకర్తకు దరఖాస్తు పెట్టినా నీ బయోడేటా కన్నా ఆ నాలుగు పేజీలే నీ తరఫున మాట్లాడతాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు బడివాళ్ళ దగ్గర ఉంటే ఇప్పట్నుంచే అడిగి తెచ్చుకో, ఎవరికీ ఇంకెప్పుడూ ఇవ్వకు.

రాజీనామా మాత్రం పదో తరగతి పరీక్షలు అయ్యాకే. నడిమధ్యలో టీచరు మారితే పిల్లలు ఎంత నష్టపోతారో యాజమాన్యానికి పట్టకపోవచ్చు, నీకు పట్టాలి. జీతం ఆపిన కోపం ఆ పిల్లల మీదికి పోనివ్వకు.

సెలవులివ్వగానే ఇక్కడికి రా, ఆ నాలుగు పేజీలూ పట్టుకుని మ్యూజియంలో తిరుగుదాం. శుక్రవారం అది మూసి ఉంటుంది, మరో రోజు చూసుకుని బయల్దేరు.

ఇట్లు,
మీ పెదనాన్న